అలసంద పొట్టు బూడిద

సనాబా కెయితా పరుగెత్తగా నేను చూసింది నా ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్కసారే. మధ్యాహ్నం అందరం ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని అన్నం తింటున్నాం. వేలికి అంటిన వేరుసెనగ పులుసు కూడా కడుక్కోకుండా లేచింది. ఒక చెప్పు వేపచెట్టు కింద, ఇంకో చెప్పు మెట్ల దగ్గర వదిలేసి, ల్యాబు ఆవరణ అదిరిపోయేలా కేకలు పెడుతూ గేటు వైపు పరుగెత్తింది.

"ఒరే సిరిమాన్! బండి తియ్! ఏం చూస్తున్నావురా అలసందల మొహమా, బండి తియ్యి!"

ఆమెకు యాభై ఒక్క ఏళ్లు. రెండు మోకాళ్లూ నొప్పే. మెట్లెక్కితే ప్రతి మెట్టునీ పేరు పెట్టి తిట్టే మనిషి. అలాంటిది చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టినట్టు తన బట్ట అంచు రెండు చేతులతో పట్టుకుని పరుగెడుతుంటే, ఇంకేముంది, ఇంట్లో ఎవరో పోయారనుకున్నాను. అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని నేనూ పరుగెత్తాను.

బండి నడిపేది నేనే. సిరిమాన్ కూలిబలీని. మా రాజధాని బమాకోలో నాటువైద్యుల చెట్లూ బెరళ్లూ తెచ్చి పరీక్షించే ల్యాబు ఒకటుంది, దాని పికప్‌కి డ్రైవర్ని. ఏ చెట్టు ఏ రోగానికి పనిచేస్తుందో నన్నడిగితే చెప్పలేను గానీ, ఏ చెట్టు ఏ ఊళ్లో ఉందో, ఆ ఊరికి వానాకాలంలో బండి పోతుందో పోదో కళ్లు మూసుకుని చెబుతాను.

సనాబా సంగతి చెప్పాలంటే ముందు మా తిట్ల సంగతి చెప్పాలి. కెయితా ఇంటిపేరు వాళ్లకీ కూలిబలీలకీ తాతముత్తాతల నుంచీ సరసాల వరస. ఎదురుపడితే 'నా బానిస' అని పిలిచి తిట్టుకోవాల్సిందే. తిట్టకపోతేనే తప్పు, 'ఏంటి, ఒంట్లో బాగాలేదా' అని అడుగుతారు. తిట్టు కూడా పెద్దగా ఏమీ ఉండదు, అందరిదీ ఒకటే: నువ్వు అలసందలు తింటావు! అంతే. అలసందలు తెగ తిన్నవాడి పక్కన కూర్చుంటే ఏమవుతుందో మీకు తెలుసు, నా చేత చెప్పించకండి. ఆ మాటకే పెళ్లిళ్లలో, చావుల్లో, పోలీసు ఠాణాల్లో కూడా జనం విరగబడి నవ్వుతారు. ఎంత కోపమున్నా ఆ మాట పడిందంటే కోపం పోవాల్సిందే. అది రూలు.

కాబట్టి పొద్దున్నే నేను గేట్లో బండి ఆపగానే ఆమె గొంతు వినిపించేది. "వచ్చాడమ్మా నా బానిస! కుండెడు లాగించి వచ్చినట్టున్నాడు, కిటికీలు తెరవండి!"

"నీ ఇంటి గోడలు పగిలాయని విన్నానక్కా," అనేవాణ్ణి నేను. "అలసందలు నానబెట్టడం మానేశావా, పచ్చివే నమిలేస్తున్నావా?"

ఇలా ఇరవై రెండేళ్లు. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆమె భర్త పోయిన వారం మాత్రం నేను ఏమీ అనలేక తల దించుకుని నిలబడితే, ఆమే కళ్లు తుడుచుకుని, "ఏరా, ఇవాళ తిండి దొరకలేదా?" అంది. నేను ఏడ్చేశాను. నిజం చెబుతున్నాను, గేటు పట్టుకుని ఏడ్చేశాను.

ఆమెది కితా అనే ఊరు. తండ్రి రైలు స్టేషన్లో బస్తాలు మోసేవాడు. పెళ్లయి బమాకో వచ్చింది. ల్యాబులో గాజు సామాను కడగడానికి చేరినప్పుడు ఆమెకు అక్షరం ముక్క రాదు. పేటలో ఆడవాళ్లకి మా బంబారా భాషలో చదువు చెప్పే క్లాసు పెడితే వెళ్లి కూర్చుని, బలపం అరిగేదాకా దిద్ది నేర్చుకుంది. ఫ్రెంచి ఇప్పటికీ అంతంతమాత్రం. కానీ ఆ ముక్కుందే, అబ్బో! ఒక ఏడు గోదాములోకి వాన నీళ్లొచ్చి నలభై గోనెల మీద కట్టిన చీటీలన్నీ చెరిగిపోయాయి. పెద్ద చదువుల వాళ్లంతా నెత్తిన చేతులు పెట్టుకున్నారు. సనాబా ఒక్కో గోనె మూతి విప్పి, ముక్కు పెట్టి వాసన చూసి, ఇది ఫలానా ఊరిది, ఇది ఫలానా ఆయన ఇచ్చింది అంటూ పక్కన పెట్టుకుంటూ పోయింది. ముప్పై ఎనిమిది సరిపోయాయి. మిగతా రెండూ తప్పు చెప్పిందన్నారు. తీరా చూస్తే ఆ రెండూ ఒకే చెట్టువి, రెండు ఊళ్లలో రెండు పేర్లు. అంటే ఆమే కరెక్టు! ఆ ఏడాదే ఆమెకి తెల్లకోటు ఇచ్చారు. రెండు సైజులు పెద్దది. దర్జీ భర్త బతికున్నాడు అప్పటికి, కూర్చుని కుట్లు విప్పి ఆమె కొలతకి మళ్లీ కుట్టాడు. ఇప్పటికీ అదే కోటు.

ఆ కోటు వేసుకుని ఆమె చేసే పని చెబుతాను. గాజు పళ్లెంలో గంజి గడ్డకట్టినట్టుండే మేత పోస్తారు. దాని మీద చీముపుండ్లలో ఉండే క్రిముల్ని చల్లుతారు. ఆఫీసులో కాగితాలకి చిల్లులు వేసే పంచ్ ఉంటుందే, దానితో వడపోత కాగితాన్ని టకటకా కొట్టి చిన్న చిన్న బిళ్లలు చేస్తుంది సనాబా. ఆ బిళ్లల్ని మందు కషాయంలో ముంచి పళ్లెం మీద పెడుతుంది. ఇంక్యుబేటరులో ఒక రోజు వెచ్చగా ఉంచితే క్రిములు పళ్లెమంతా మబ్బులా కమ్ముకుంటాయి. మందులో పసుంటే బిళ్ల చుట్టూ మాత్రం కమ్మవు. అక్కడ శుభ్రంగా ఒక వలయం మిగులుతుంది. వలయం వస్తే మందు, రాకపోతే కట్టెపుల్ల. అంతే, ఇంకేమీ లేదు. ఆ వలయం కోసమే ఇంత మంది ఇన్ని జీతాలు తీసుకుంటున్నాం.

చలి పోయి ఎండలు ముదిరే రోజుల్లో మేం సెగూ పట్నం అవతల కొంజలాబుగు అనే ఊరు వెళ్లాం. అక్కడ ఫాబు కూలిబలీ అని ముసలాయన. ఎనభై దాటాయి. మానని పుండ్లకి ఆయన దగ్గర మందుంది. పశువులు కాచే మనిషి ఒకడు మాకు కాలు చూపించాడు. రెండేళ్లు తెరుచుకునే ఉన్న పుండట, ఐదు వారాల్లో చర్మం పట్టింది. సనాబా ఆ కాలిని ఒళ్లో పెట్టుకుని, అద్దం పెట్టి చూసి, వాసన కూడా చూసి, "తాతా, ఈ మందు నాకు కావాలి" అంది.

ఇంతకు ముందు ముగ్గురు వచ్చి అడిగితే ఇవ్వని మనిషి. పెద్దలకి తాంబూలంలా ఇచ్చే కోలా గింజలు పది ముందు పెట్టాం. ఆయన వాటి వైపు చూడలేదు. సనాబా పేరడిగాడు. కెయితా అనగానే మొహం విప్పారింది.

"కెయితావా! మరి ముందే చెప్పవేం? నా బానిస పిల్లవి నా గుమ్మంలో నిలబడి మర్యాదలు చేస్తుంటే ఎవరో అనుకున్నాను. తిన్నావా? అలసందలు లేవే, అన్నీ మీ నాన్న దొంగిలించుకుపోయాడు."

"మా నాన్న దొంగిలించింది పొట్టే తాతా. గింజలు నువ్వు అప్పటికే మింగేశావు!"

ఇంక చూడండి, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా తిట్లే తిట్లు. నేనూ కూలిబలీనే కాబట్టి ఆయన వైపు చేరాను. ఇద్దరం కలిసి ఆమెను ఆడుకున్నాం. నవ్వి నవ్వి నాకు పక్కలు నొప్పెట్టాయి. ఆ నవ్వులోనే కోలా గింజ విరిచి సగం ఆమెకిచ్చాడు, సగం తాను నమిలాడు. మాట ఇచ్చినట్టే. చెట్టు చూపించాడు. పొద్దు పొడిచే వైపు బెరడూ, పొద్దు కుంకే వైపు బెరడూ సమంగా తీయాలన్నాడు. నీడలో ఎండబెట్టాలన్నాడు. ఆ చెట్టు పేరు ఇక్కడ చెప్పను. చెప్పనని ఆయనకి మాటిచ్చాం. మీరడిగినా చెప్పను.

సనాబా చతికిలబడి నోటుబుక్కులో అన్నీ రాసుకుంటోంది. ఎన్ని గుప్పెళ్లు, ఎంత సేపు, ఏ కుండ. ఫాబు తాత చుట్ట పక్కన పెట్టి, మొహం చాలా గంభీరంగా పెట్టి అన్నాడు: "ఊరికే నీళ్లలో ఉడికించకే కెయితా. అలసంద పొట్టు కాల్చు. ఆ బూడిద నీళ్లలో ఉడికించు."

నేను మోకాలు చరుచుకుని గట్టిగా నవ్వేశాను. "చచ్చావక్కా! కషాయంలోకి కూడా వచ్చేశాయి అలసందలు!" అన్నాను. రాయబోతూ కలం ఎత్తిన సనాబా నా నవ్వు చూసి తనూ నవ్వింది. కలం మూసేసింది. ముసలాయన కూడా చిగుళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఆ తరవాత నీళ్లు తాగి లేచాం.

గోనె బండిలో వేస్తుంటే ఆయన ఒక్క మాటన్నాడు, అది నవ్వుతూ అనలేదు. "ఇది పనిచేస్తే డబ్బాలో పెట్టి ఊరూరా ఇవ్వండి, నా పేరుండాలి. పనిచెయ్యకపోతే ఇదే గోనె వెనక్కి తెచ్చి, ఊరంతా చూస్తుండగా నా గుమ్మం ముందు కుమ్మరించు. ఫాబు అబద్ధాలకోరు అని నీ నోటితో అను. ఆ రోజు నుంచి నేను రోగిని ముట్టుకోను."

"కుమ్మరించే అవసరం రాదు తాతా," అంది సనాబా. "పూచీ నాది."

పూచీ! ఎవరిమ్మన్నారు ఆమెని? కానీ ఆమె తీరే అంత. ఆ కాలిని ఒళ్లో పెట్టుకుని చూసింది కదా, ఇంక వెనక్కి తగ్గదు.

మొదటిసారి వలయం రాలేదు. సరే, బెరడు పాతబడిందేమో అన్నారు. మళ్లీ వెళ్లి తాజాది తెచ్చాం. రెండోసారీ రాలేదు. సారాయిలో నానబెట్టి చూశారు. మూడోసారీ లేదు. పళ్లెమంతా బిళ్ల అంచు దాకా తెల్లగా, నిండుగా, క్రిములు సుఖంగా పడుకుని ఉన్నాయి. సనాబా పంచ్‌ని బల్ల మీద గిరాటేసింది. ఎనిమిది నెలలు గడిచాయి.

మా పెద్ద డాక్టరు అబ్దుసలామ్ మైగా మంచివాడే, కాదనను. కానీ లెక్క అంటే లెక్కే. జాబితాలో అరవై ఒక్క చెట్లున్నాయి, ఆ శుక్రవారం మధ్యాహ్నానికి వలయం లేనివి కొట్టేసి జాబితా పైకి పంపాలి. కొట్టేసిన చెట్ల బెరడు ఇచ్చినవాళ్లకి తిరిగి ఇచ్చెయ్యాలి. వాళ్ల చెట్టు వాళ్లకి చేరాలనేది ఆయన పెట్టిన మర్యాద. ఆ మర్యాదే ఇక్కడ మెడకు చుట్టుకుంది.

"ఆయన నిజమే చెప్పాడు డాక్టరుగారూ. ఆ కాలు నేను చూశాను," అంది సనాబా.

"నేను పళ్లెం చూశాను సనాబా," అన్నాడాయన. "ఆ కాలు దానంతటదే మానిందేమో. సోమవారం వెళ్లి గోనె ఇచ్చెయ్యండి. మర్యాదగా చెప్పండి."

మంగళవారం నేనే ఆ ఊరి పెద్దకి ఫోన్ చేసి చెప్పాను, సోమవారం గోనెతో వస్తున్నామని. ఆయన "ఫాబుకి చెబుతాను" అని పెట్టేశాడు. ఆ రోజు సనాబా నన్ను తిట్టలేదు. గేట్లో బండి ఆపితే తల తిప్పుకుంది. అంతకన్నా చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

ఇక బుధవారం మధ్యాహ్నానికి వద్దాం. పళ్లెం చుట్టూ కూర్చున్నాం. ఆమె మొహం చూడలేక, కాస్త నవ్విద్దామని కాపలా యాకూబా మీద పడ్డాను నేను. వాడి ఇంటిపేరు త్రావోరే, ఆ వంశంతోనూ మాకు సరసమే.

"ఏరా యాకూబా, అలసందలు తింటావా?"

"నువ్వు తిను, మీ తాత తిన్నాడు, ఆయన తాత తిన్నాడు. తిని తిని మీ వంశానికి పొట్టు మిగిలింది!"

సనాబా చెయ్యి పళ్లేనికీ నోటికీ మధ్య ఆగిపోయింది.

"ఏమన్నావు?" అంది.

"అలసందలు తిన్నాడన్నాను..."

"తిన్నాడు. తింటావు. తిను." ఆమె గొంతు మారిపోయింది. నా వైపు తిరిగింది. "ఒరే సిరిమాన్. నువ్వు పుట్టినప్పటి నుంచీ ఈ తిట్టు వింటున్నావు. ఎప్పుడైనా, ఎవడైనా, 'కాల్చు' అన్నాడా?"

నాకు అర్థం కాలేదు.

"ఫాబు తాత ఆ రోజు 'తిను' అనలేదురా! 'కాల్చు' అన్నాడు! అలసంద పొట్టు కాల్చమన్నాడు! అది తిట్టు కాదు. అది మందురా వెధవా, మందు!"

ఇంక లేచింది చూడండి. అదే నేను మొదట చెప్పిన పరుగు.

పశువుల మేత అమ్మే వీధికి పోయాం. గొర్రెలకి వేసే అలసంద పొట్టు అక్కడ గుట్టలు గుట్టలు. సనాబా చెప్పుల్లేని కాళ్లతో దిగి, ఒక్కో గుట్టలో ముక్కు పెట్టి వాసన చూడటం మొదలెట్టింది. కొట్టువాడు బిత్తరపోయాడు.

"ఎన్ని గొర్రెలమ్మా?"

"గొర్రెలు లేవు."

"మరి ఎవరికి?"

"మాకే," అంది.

"మీ ఇంటి పేరు?"

"కెయితా."

"ఓహో!" అన్నాడు వాడు, పొట్ట పట్టుకుని. "గింజలు అయిపోయి పొట్టు దాకా వచ్చారా!" వీధంతా నవ్వింది. సనాబా నవ్వలేదు. గోనె భుజానికెత్తుకుని బండెక్కింది.

ఆవరణలో పగిలిన వంటకుండలో పొట్టు తగలేసింది. పొగకి కంప్యూటర్ల దగ్గర కూర్చున్న వాళ్లంతా దగ్గుకుంటూ బయటికొచ్చారు. అడుగున చిల్లులున్న మట్టిచట్టిలో బూడిద వేసి, మీద నీళ్లు పోసి, కింద చుక్క చుక్క పట్టింది. మా ఇళ్లలో ఆడవాళ్లు సంకటిలోకి పట్టుకునే బూడిద నీళ్లే, కొత్తేమీ కాదు. పసుపుపచ్చగా దిగాయి. ఆ నీళ్లలో ఫాబు తాత బెరడు వేసి పొయ్యి మీద పెట్టింది.

ఏం చెప్పమంటారు! ఎనిమిది నెలలుగా ఉత్త నీళ్లలో ఉడికిస్తే పలచటి టీ రంగు తప్ప ఇంకేమీ దిగని బెరడు అది. ఐదు నిమిషాలు కాలేదు, కుండ ఎర్రబడింది. పదో నిమిషానికి కోడి కోసిన చోట మట్టి ఉంటుందే, ఆ రంగు. మేమంతా కుండ చుట్టూ మూగి నోరెళ్లబెట్టి చూస్తున్నాం. యాకూబా గేటు వదిలేసి వచ్చాడు. సనాబా గరిటె ఎత్తి పట్టుకుని, "దిగింది! చూడండి, దిగింది! ఇన్నాళ్లూ లోపలే దాక్కుందిరా ఇది!" అని కేకలు.

మైగా డాక్టరు వచ్చాడు. కుండలోకి తొంగి చూశాడు. ఆయన కళ్లు కూడా మెరిశాయి, నేను చూశాను. కానీ వెంటనే అడ్డుపుల్ల వేశాడు.

"బూడిద నీళ్లు ఘాటుగా ఉంటాయి సనాబా. క్రిముల్ని అవే చంపుతాయి. వలయం వచ్చినా బెరడుది అని ఎలా చెబుతావు?"

"అందుకే ఉత్త బూడిద నీళ్లు విడిగా పెడుతున్నా," అంది ఆమె, తలెత్తకుండానే. "ఉత్త నీళ్ల బెరడు విడిగా. మందుల షాపు మందు విడిగా. ఇది విడిగా. అన్నిటిలోనూ ఆసిడ్ చుక్కలేసి ఘాటు విరిచేస్తా. ఘాటు చూపించే కాగితం రంగు మారకుండా ఉండేదాకా. ఇంకేమైనా ఉందా?"

"పళ్లేలు మూడు పెట్టు. ఒకటి చాలదు," అన్నాడు డాక్టరు. ఆయన కోటు చేతులు పైకి మడిచి తనే గాజు సామాను అందుకున్నాడు. అలా ఎప్పుడూ చూడలేదు నేను.

గురువారం పొద్దున్న పళ్లేలు ఇంక్యుబేటరులోకి వెళ్లాయి. మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. మా బమాకో కరెంటు సంగతి తెలిసిందే, కానీ ఆ రోజే పోవాలా! జనరేటరులో డీజిల్ చుక్క లేదు. సనాబా ఇంక్యుబేటరు పెట్టెని రెండు చేతులతో కౌగిలించుకుని నిలబడింది, జ్వరం వచ్చిన పిల్లని పట్టుకున్నట్టు. "చల్లబడితే పోతుందిరా సిరిమాన్! ఏదైనా చెయ్యరా!"

నేను చేశాను. అడక్కండి, రూలు కాదు. పికప్ ట్యాంకులోకి గొట్టం పెట్టి నోటితో పీల్చి, ఉన్న డీజిలంతా జనరేటరులో పోశాను. ఒక గుక్క కడుపులోకి కూడా పోయింది. జనరేటరు దడదడలాడింది. లైట్లు వెలిగాయి. సనాబా నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఇవాళ నువ్వు మనిషివి," అంది. అంత మంచి మాట ఆమె నన్ను ఎప్పుడూ అనలేదు. మళ్లీ వెంటనే, "డీజిల్ తాగినా అలసందల వాసనే వస్తోంది," అంది.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి అందరం ఇంక్యుబేటరు ముందున్నాం. డాక్టరు, నేను, యాకూబా, కంప్యూటర్ల దగ్గరి వాళ్లు. సనాబా తలుపు మీద చెయ్యి వేసి తెరవడం లేదు. పెదాలు కదులుతున్నాయి, దేవుణ్ణి అడుగుతోందో, ఫాబు తాతనే అడుగుతోందో.

"తెరువక్కా," అన్నాను. "చచ్చిపోయేలా ఉన్నాను."

తెరిచింది. మొదటి పళ్లెం తీసి కిటికీ వెలుగులోకి ఎత్తింది.

ఉత్త బూడిద నీళ్ల బిళ్ల చుట్టూ ఏమీ లేదు. ఉత్త నీళ్ల బెరడు చుట్టూ ఏమీ లేదు. మందుల షాపు మందు చుట్టూ ఎలాగూ వలయముంది. నాలుగోది, బూడిద నీళ్లలో ఉడికిన బెరడు బిళ్ల, దాని చుట్టూ గుండ్రంగా, శుభ్రంగా, నా బొటనవేలు పట్టేంత వలయం! ఆ వలయంలోంచి అవతల ఉన్న వేపచెట్టు కనిపిస్తోంది. రెండో పళ్లెంలోనూ అంతే. మూడో దాంట్లోనూ అంతే!

ఎవరు ముందు అరిచారో తెలియదు. యాకూబా నన్ను ఎత్తేశాడు. డాక్టరు స్కేలు తెచ్చి కొలిచి, మళ్లీ కొలిచి, అద్దాలు తీసి తుడుచుకుని, మూడోసారి కొలిచాడు. సనాబా మాత్రం కుర్చీలో కూలబడి, కోటు అంచుతో మొహం కప్పుకుని ఏడుస్తోంది.

"ఎనిమిది నెలలు డాక్టరుగారూ," అంది. "ఆయన మొదటి రోజే చెప్పాడు. నేను నవ్వాను. ఎనిమిది నెలలు ఆయన్ని నేనే అబద్ధాలకోరుని చేశాను."

నాకు తల తీసేసినట్టయింది. ముందు నవ్వింది నేను కదా. ఆమె కలం మూయించింది నా నవ్వే కదా. ఆ మాట అక్కడే, అందరి ముందూ చెప్పేశాను.

"నీకు బుద్ధి లేదని నాకు తెలుసు," అంది సనాబా ముక్కు చీదుతూ. "కలం నా చేతిలో ఉంది. నీ చేతిలో లేదు."

నేను ఫోన్ తీశాను, కొంజలాబుగు పెద్దకి చెబుదామని. ఆమె లాగేసుకుంది. "వద్దు. గోనెతో వస్తామన్నాం, గోనెతోనే వెళదాం. తప్పు చేసింది ఎదురుగా, ఆయన మొహం చూసి చెప్పాలి. ఫోన్లో కాదు."

"అప్పటిదాకా ముసలాయన ఏమైపోతాడు? మనసు బద్దలైపోతే?"

"కూలిబలీలకి బద్దలయ్యేది మనసు కాదులే," అంది. కళ్లు ఎర్రగా ఉన్నా పెదవి మీద మళ్లీ ఆ కొంటెతనం వచ్చేసింది.

సోమవారం వెళ్లాం. ఊరంతా ఆయన గుమ్మం ముందు ఉంది. ఊరి పెద్ద, ఇరుగుపొరుగు, కాలు మానిన ఆ పశువుల కాపరి కూడా. ఫాబు తాత ఉతికిన పెద్ద చొక్కా వేసుకుని చాప మీద నిటారుగా కూర్చున్నాడు. పక్కన ఆయన మందుల సంచి మూతి కట్టేసి ఉంది. బండిలోంచి నేను దించుతున్న గోనె చూశాడు. అదే గోనె, ఆయన ఇచ్చిన గోనె. మొహంలో ఒక్క గీత కదల్లేదు గానీ, మందుల సంచిని మా వైపు జరిపాడు. నేను చూడలేకపోయాను.

"నీ షరతు గుర్తుందా తాతా?" అంది సనాబా.

"గుర్తుంది. కుమ్మరించు."

ఆమె గోనె మూతి విప్పి ఆయన కాళ్ల ముందు గుమ్మరించింది. బెరడు కాదు. అలసంద పొట్టు. ఎండిన, ఖాళీ, గలగలలాడే అలసంద పొట్టు, గుట్టలా.

"తిను, కూలిబలీ!" అని అరిచింది. "తినగా మిగిలింది కాల్చు! నీ మందు పనిచేసింది తాతా, వలయం ఇంత వచ్చింది, ఇంత! జాబితాలో నీ పేరు రాశారు!"

ముసలాయన ఆ పొట్టు గుప్పిట నిండా తీసుకుని చూశాడు. భుజాలు కదలడం మొదలెట్టాయి. నవ్వు! పళ్లు లేని నోరంతా తెరుచుకుని, కళ్ల నీళ్లు గడ్డంలోకి కారేదాకా నవ్వాడు. పశువుల కాపరి మానిన కాలితో నేలని దబదబా కొట్టాడు. ఊరి పెద్ద తలపాగా ఊడిపోయింది. ఆడవాళ్లు కూతలు పెట్టారు. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

నవ్వు సద్దుమణిగాక ఫాబు తాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అయితే కెయితా, ఆ రోజే చెప్పాను కదే?"

"చెప్పావు తాతా."

"కలం కూడా ఎత్తావు. నేను చూశాను."

"ఎత్తాను. నవ్వొచ్చింది. నవ్వి మూసేశాను. నన్ను క్షమించు."

ఆయన ఆశ్చర్యంగా చూశాడు, క్షమించమన్న మాట అసలు విననట్టే. "నవ్వితే రాయకూడదా?"

సనాబా ఆయన ముందు చతికిలబడింది. సంచిలోంచి పాత నోటుబుక్కు తీసి, ఆ రోజు పేజీ తెరిచింది. ఎన్ని గుప్పెళ్లు, ఎంత సేపు, ఏ కుండ అని ఉన్న చోట, కింద ఒక లైను ఖాళీ. కలం తీసి ఆ ఖాళీలో రాసింది. పైకి చదివి వినిపించమన్నాడాయన. చదివింది. తల ఊపాడు.

"ఇంకోటుంది," అన్నాడు, మొహం మళ్లీ అదే గంభీరంగా పెట్టి. "ఉడికించేటప్పుడు కెయితాల ఆడది ఒంటికాలి మీద నిలబడాలి. కుండ పొంగేదాకా."

నేను ఆపుకోలేక భళ్లున నవ్వేశాను.

"నోరు ముయ్యిరా సిరిమాన్," అంది సనాబా, తల ఎత్తకుండా, కలం ఆపకుండా. "రాసుకోనీ."